చుక్కి కంటి ఎరుపు

తాండూరులో మా రాజేందర్ అన్న స్టూడియోలో నల్లవాళ్లు లేరు. లోపలికి వచ్చేటప్పుడు ఉంటారు, ఫోటోలో ఉండరు. ఎండలో బండలు మోసి మోసి కమిలిపోయిన పెళ్లికొడుకైనా సరే, ఆల్బంలోకి వచ్చేసరికి గులాబి బుగ్గలతో నవ్వుతుంటాడు. ఆ బుగ్గలు పూసేది నేనే. ఏడేళ్లుగా అదే పని. చేయి ఎంత అలవాటు పడిపోయిందంటే, ఎవరైనా బస్ పాస్‌కు ఫోటో అడిగినా ముందు కాస్త తెల్లబరిచి గానీ ఇవ్వను. మా ఇంట్లో గోడ మీద నాదీ ఒకటి ఉంది. సంబంధాలకు చూపించడానికని రాజేందర్ అన్న స్వయంగా తీశాడు. అందులో ఉన్న పిల్ల ఎవరో నాకే అప్పుడప్పుడు అనుమానం వస్తుంది. అమ్మ మాత్రం రోజూ కొంగుతో దాని దుమ్ము తుడుస్తుంది.

ఆ చేతి అలవాటే నిరుడు వానాకాలంలో మా మేకలను మూడింటిని మింగింది. ఇంకెవరి మీదైనా నెట్టేద్దామంటే దొరకలేదు. కెమెరా నాది, చేయి నాది, పొగరూ నాదే.

మాది ధారూరు స్టేషన్ నుంచి మూడు కిలోమీటర్లు లోపలికున్న ఊరు. నాన్న మత్తయ్యా నేనూ పొద్దున ఒకే రైలెక్కి తాండూరు పోతాం. ఆయన బండలు పాలిష్ చేసే యూనిట్‌కు, నేను స్టూడియోకు. అమ్మ చంద్రవ్వ మేకలు కాస్తుంది. అప్పటికి ఇరవై ఎనిమిది. అన్నీ ఆమె పెళ్లైన కొత్తలో తల్లిగారింటి నుంచి తోలుకొచ్చిన ఒక్క మేక సంతానమే. అందులో చుక్కి అంటే అమ్మకు ప్రాణం. నల్లటి ఒళ్లు, నుదుట రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ. నన్ను పిలవబోయి "చుక్కీ" అని, నాలుక కరుచుకుని "జ్యోతీ" అనడం మా ఇంట్లో రోజూ జరిగేదే. నేను అలగడం కూడా మానేశాను.

ఆషాఢంలో ముసురు పట్టింది. నాలుగు రోజులు సూర్యుడు కనబడలేదు. ఐదో రోజు అమ్మ మేకలను మళ్లించుకొస్తూ చుక్కిని చంకన ఎత్తుకొచ్చింది. నడవలేకపోతోందట. దవడ కింద తడిమి చూస్తే నీళ్ల సంచిలా మెత్తగా ఉంది. ఇంకో ఆరు కూడా మేత ముట్టకుండా చెవులు వేలాడేసి నిలబడ్డాయి. పశువుల డాక్టరు ప్రణవి గారికి ఫోన్ చేశాను. ఆమె కొత్తగా వచ్చింది, రెండు మండలాలకు ఒక్కతే. కాగ్నా నది పొంగి రోడ్డు మీదికి నీళ్లొచ్చాయని, దారి తెరుచుకునేదాకా రాలేనని చెప్పింది. ఆ మాట చెప్పి ఊరుకోలేదు, దారీ చెప్పింది. కింది కనురెప్పను మెల్లగా కిందికి లాగితే లోపల తడి పొర కనబడుతుంది. అది ఎర్రగా ఉంటే రక్తం బాగున్నట్టు. పాలిపోయి ఉంటే కడుపులో నట్టలు చేరి రక్తం తాగుతున్నట్టు. ఆ పొరను దగ్గరగా ఫోటో తీసి పంపితే చూసి మందు చెప్తానంది.

దగ్గరగా ఫోటో అనేసరికి నాకు రెక్కలొచ్చాయి. ఊళ్లో అందరూ ఫోన్లతో తీసుకుంటారు, నా దగ్గర స్టూడియో కెమెరా ఉంది. పెళ్లికూతురి ముక్కుపుడక రాయిని దగ్గరగా తీసే లెన్స్ కూడా ఉంది. కొట్టం మీద కప్పిన నీలం తాడిపత్రి కింద, అమ్మ ఎర్రచీర కట్టుకుని మేకను ఒళ్లో పట్టుకుంటే, ఏడు మేకల కళ్లూ ఏడు ముత్యాల్లా తీశాను. తీశాక ఎవరూ అడగకుండానే చేయి తన పని తాను చేసుకుపోయింది. కాస్త వెలుతురు, కాస్త గులాబి. ఫోన్‌లో వేసి అమ్మకు చూపించాను.

"ఎట్లున్నయి అమ్మా?"

అమ్మ ఫోన్‌ను దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది. "మంచిగ ఎర్రగనే ఉన్నయి" అంది. నేను పంపించేశాను.

డాక్టరు కూడా అదే అంది. పొర రంగు బాగుంది, రక్తం తగ్గలేదు, ఇవి నట్టలు కావు, ముసురుకు జ్వరం తగిలి ఉంటుంది, పొడి చోట కట్టి బెల్లం నీళ్లు తాపండి, దారి తెరవగానే వస్తానంది. ఫోటోలు ఇంత స్పష్టంగా ఎవరూ పంపలేదని మెచ్చుకుంది కూడా. ఆ మెచ్చుకోలు రాజేందర్ అన్నకు చూపించి ఆ పూట చాయ్ తాగించాను.

నాలుగు రోజుల్లో మూడు మేకలు పోయాయి.

ఐదో రోజు డాక్టరు స్కూటీ మీద బురదలో పడుతూ లేస్తూ వచ్చింది. ఆ వేళకు అమ్మ నడవగలిగిన వాటిని గుట్ట మీదికి తోలుకుపోయింది. ఇంటి దగ్గర చుక్కి, పొద్దున పోయిన మూడో మేక, నేను. ఆమె పోయిన మేక పక్కన కూర్చుని కింది రెప్ప లాగింది. లోపల తెల్లగా ఉంది, సున్నం కొట్టిన గోడలా. ఆమె జేబులోంచి ఫోన్ తీసి, నేను పంపిన ఫోటో వెతికి, ఆ కంటి పక్కన పెట్టింది. ఫోటోలో గులాబి రంగు.

"ఇది ఈ మేకదేనా జ్యోతీ?"

అవునన్నాను. ఆమె ఫోన్ లోపల పెట్టుకుంది. పొట్ట కోసి చూపించింది. లోపల ఎరుపూ తెలుపూ పెనేసిన దారపు పోగుల్లా పురుగులు కదులుతున్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే బాగుండేది, కనీసం ఏడవడానికి ఒక సందు దొరికేది.

చుక్కి కంటి దగ్గర ఆమె ఒక కార్డు పెట్టి చూసింది. దాని మీద ఐదు రంగులు, ముదురు ఎరుపు నుంచి తెలుపు దాకా, ఒకటి నుంచి ఐదు. ఒకటి, రెండు అయితే ఫికర్ లేదు. మూడును కనిపెట్టి ఉండాలి. నాలుగు, ఐదు అయితే మందు పడాల్సిందే. చుక్కిది ఐదు. వెంటనే నోట్లో మందు పోసింది. బతుకుతుందని మాత్రం మాట ఇవ్వలేనంది. ఎండాకాలం పశువుల క్యాంపులో తాపిన మందుకు ఈ పురుగులు అలవాటు పడ్డాయట. ఇది వేరే మందు, ఆమె దగ్గర కొద్దిగానే ఉంది. మా కొట్టానికి ఇంకో తొమ్మిది మేకలకు సరిపడేంత సీసాలో పోసి ఇచ్చింది.

"అన్నిటికి పొయ్యద్దు. అన్నిటికీ తాపితే ఈ మందుకూ అలవాటు పడతయి, అప్పుడు నా దగ్గర ఇంకోటి లేదు. దేనికి పొయ్యాలెనో నేను చెప్త. నువ్వు నాకు రంగు చూపియ్యి, ఉన్నది ఉన్నట్టు."

కార్డు ఇక్కడ పెట్టి పొమ్మని బతిమాలాను. ఒక్కటే ఉంది, రెండు మండలాలు దాంతోనే తిరగాలి అంది. అంతలో ఎక్కడో బర్రె ఈనలేక అవస్థ పడుతోందని ఫోన్ వచ్చింది. స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది. కొట్టంలో ఇరవై ఐదు మేకలు మిగిలాయి. చుక్కి పోను ఇరవై నాలుగు. వాటిలో ఏ తొమ్మిదో నా ఫోటో చెప్పాలి.

తెలుపూ ఎరుపూ ఎవరి కంటికైనా తెలుస్తాయి. మూడుకూ నాలుగుకూ మధ్య ఉండే తేడాయే మనిషిని ఆడిస్తుంది. పైగా ఆ రోజు నుంచి నా కంటిని నేను నమ్మడం మానేశాను.

మర్నాడు పొద్దున కొట్టం వదిలి వేపచెట్టు కిందికి మార్చాను. గులాబి తీసేశాను, చేతులు కట్టుకున్నంత పని చేశాను, అంతా కెమెరాకే వదిలేశాను. కెమెరాకు నాకన్నా బుద్ధి తక్కువని అప్పుడు తెలిసింది. నల్ల మేక మొహం చూడగానే చీకటైందనుకుని వెలుతురు పెంచేస్తుంది, లోపలి పొర వెలవెలబోతుంది. తెల్ల మేకను చూడగానే ఎండ ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, పాలిపోయిన పొర కూడా ఎర్రగా పడుతుంది. ఫ్లాష్ వేస్తే తడి మీద తెల్లటి మెరుపు తప్ప ఇంకేమీ లేదు. వేపాకు పచ్చ అన్నిటి మీదా పడింది. ఆరు పంపితే డాక్టరు జవాబు పెట్టింది. నల్ల మేకలన్నీ తెల్లబడ్డాయట, తెల్ల మేకలన్నీ మాడిపోయాయట, వీటిలో దేన్ని నమ్మాలో నువ్వే చెప్పమంది. చివర, మీ మేకలకు ఏమైనా సంబంధాలు చూస్తున్నారా అని అడిగింది. ఒళ్లు మండింది. మండినా ఆమె అన్నదాంట్లో తప్పేముంది?

రాజేందర్ అన్నను అడిగితే కొత్త సెట్టింగ్ ఒకటి ఉంది, వేస్తే మేక కూడా మెరిసిపోతుందన్నాడు. ఆయనకు దండం పెట్టి మధ్యాహ్నం నాన్న పనిచేసే యూనిట్‌కు నడిచాను. అన్నం గిన్నె ఇచ్చే నెపం ఒకటి చేతిలో ఉంది.

బండల యూనిట్‌లో అన్నీ బూడిద రంగే. నేల, గోడలు, నీళ్లు, మనుషుల కనురెప్పలు కూడా. నాన్న లోపల లేడు. షెడ్డు వెనక ఉత్తరపు గోడ నీడలో, కోసిన బండలను వరసగా ఆనించి, ఒక్కోదాని పక్కన అరచేయంత రాతి ముక్క పెట్టి చూస్తున్నాడు. ఇది ఈ కుప్పకు, అది ఆ కుప్పకు అని చేయి ఊపుతున్నాడు. ఒక ఇంటి హాలుకు పోయే బండల్లో ఒక్కటి రంగు తేడా వచ్చినా లారీ వెనక్కి వస్తుంది. అందుకని వేరు చేసే పని ఇరవై రెండేళ్లుగా నాన్నదే. నేను ఆయన పని చేస్తుండగా ఎప్పుడూ చూడలేదు. గోడకు ఆనుకుని నిలబడి, చూస్తూ చూస్తూ ఉండగానే ఏడుపొచ్చింది.

నాన్న మాటల మనిషి కాదు. నేను చెప్పిందంతా విన్నాడు. కెమెరా గొడవ ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. మూడు, నాలుగు తేడా మాత్రం వెంటనే అర్థమైంది.

"రంగును ఒక్కదాన్నే చూస్తే ఎవ్వనికి తెల్వది బిడ్డ. పక్కన తెలిసిన ముక్క ఉండాలె. ఎండల చూడద్దు, లైటు కింద చూడద్దు. నీడకే చూడాలె, పొద్దుగాలనే చూడాలె. దినాం ఒక్క తావులనే చూడాలె."

అని, చేతిలో ఉన్న రాతి ముక్కను తువ్వాలుకు తుడిచి నాకిచ్చాడు. ఒకవైపు నున్నగా, ఒకవైపు గరుకుగా, వానమబ్బు రంగులో ఉంది. మరి నీకెట్ల నాయనా అంటే, అది నా కండ్లల్ల ఉన్నదిలే అన్నాడు.

అక్కడి నుంచి పరుగులాంటి నడకతో పశువుల ఆస్పత్రికి పోయాను. డాక్టరు అప్పుడే అన్నం ముందు కూర్చుంది. వరండాలో ఎండ పడని మూల, స్టూలు మీద రాయి గరుకు వైపు పైకి పెట్టి, పక్కన ఆమె కార్డు పెట్టి ఫోటో తీశాను. నున్న వైపు అద్దంలా మెరిసి మోసం చేస్తుంది, గరుకు వైపు నిజం చెప్తుంది. కెమెరాకు పెత్తనం తీసేసి, రాయిని చూసి వెలుతురు నేనే కట్టాను, రాయిని చూసి రంగు నేనే దిద్దాను. కార్డు మీది ఐదు రంగులూ తెర మీద ఐదు రంగులూ ఒక్కటయ్యేదాకా దిద్దుతూనే ఉన్నాను. ఆమె అన్నం చల్లారిపోయింది. చివరికి తెరనూ కార్డునూ పక్కపక్కన పట్టుకుని, మూడు మీదా నాలుగు మీదా వేలు పెట్టి, "గిట్ల పంపు" అంది. ఆ సెట్టింగ్‌కు తాళం వేశాను. ఇక రాయి సరిగా కనబడిందంటే కన్ను సరిగా కనబడినట్టే.

మర్నాడు స్టూడియోకు సెలవు పెట్టాను. మా ఇంటి ఉత్తరపు గోడ నీడలో పీట వేసి అమ్మను కూర్చోబెట్టాను. ఎర్రచీర. అమ్మా చీర మార్చు, ఆ ఎరుపంతా మేక కంట్లో పడుతోంది అంటే అమ్మ నోరెళ్లబెట్టింది. నా చీర మేక కండ్లల్ల ఎట్ల పడ్తదే అని పోట్లాడింది. ఉన్న ఆరు చీరల్లో ఐదు ఎరుపే, ఆరోది పసుపు. ఆఖరికి నాన్న యూనిట్‌కు కట్టుకుపోయే బూడిద రంగు తువ్వాళ్లు రెండు తెచ్చి ఆమె ఛాతీ మీద, ఒళ్లో కప్పాను. బార్బర్ షాపులో కూర్చున్నట్టుంది నా బతుకు అని తిట్టుకుంటూనే మొదటి మేకను పట్టుకుంది.

రాయిని మేక చెంపకు ఆనించాలి. అమ్మ బొటనవేలితో రెప్ప దించాలి. ఎక్కువసేపు లాగి పట్టుకుంటే పొర తనంతట తానే ఎరుపెక్కుతుంది, రెండు క్షణాల్లో తీసెయ్యాలి. ఆకాశం మెరుపు తడి మీద పడకుండా మేక మూతిని కాస్త పక్కకు తిప్పాలి. మేకకు ఇవేమీ పట్టవు. అది తల విదిలిస్తుంది, రాయిని నాకుతుంది, నా లెన్స్ మీద తుమ్ముతుంది. మొదటి దానికి పది నిమిషాలు పట్టింది. పదో దానికి వచ్చేసరికి అమ్మ చేయీ నా వేలూ ఒకేసారి కదలడం నేర్చుకున్నాయి. నల్ల మేకైనా తెల్ల మేకైనా రాయి మాత్రం ప్రతి ఫోటోలో ఒకే రంగులో ఉంది. అది చూసినప్పుడు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఎడిటింగ్ జోలికే పోలేదు. అలవాటు కొద్దీ లేచిన వేలిని అక్కడే ఆపి, ఇరవై నాలుగూ పంపించాను.

కాసేపటికి డాక్టరు దగ్గర నుంచి అంకెలు రావడం మొదలైంది. రెండు, రెండు, మూడు, నాలుగు, ఒకటి. నేను చదువుతుంటే అమ్మ నాలుగు వచ్చిన మేక కొమ్ముకు తాడు కడుతోంది. గంగి అనే మేక దగ్గరికి వచ్చేసరికి నాలుగు అని వచ్చింది. అమ్మ ఒప్పుకోలేదు. గంగికి ఏ రోగమూ లేదు, కన్ను ఎర్రగా నిగనిగలాడుతోంది, ఆ డాక్టరమ్మకే సరిగా కనబడలేదు అని గొంతు పెంచింది. నాకు అనుమానం వచ్చింది. ఒకటి వచ్చిన మేకనూ గంగినీ పక్కపక్కన నిలబెట్టి, రెండింటి రెప్పలూ దించి, ఏది ఎరుపో చెప్పమ్మా అన్నాను.

అమ్మ వంగింది. మొహం బాగా దగ్గరికి పెట్టింది. చాలాసేపు చూసింది.

"నాకు రెండు ఒక్క తీరుగనే కనబడుతున్నయి బిడ్డ" అంది మెల్లగా.

అంతకు ముందటి ఏడు జొన్న కోతల నుంచి అంతేనట. అన్నీ మురికి నీళ్లలోంచి చూసినట్టు పసుపు పసుపుగా కనబడతాయట. ఇంతకాలం మేకలను నడకను బట్టి, అరుపును బట్టి, చేతి తడుముడును బట్టి నెట్టుకొచ్చింది. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, కండ్లు పోయినయంటే మీరు మేకలు అమ్మేస్తరని అంది. ఆ రోజు ఫోన్‌లో నా గులాబి ఫోటో చూసి ఎర్రగా ఉందన్నది ఈ కళ్లతోనే. మూడు మేకలు పోయిన పాపంలో తన వాటా ఉందని ఆమె డాక్టరు వచ్చిపోయినప్పటి నుంచి లోలోపల కుమిలిపోయింది. నేను నా వాటాతో కుమిలిపోయాను. ఇద్దరం ఒకే పీట దగ్గర కూర్చుని కాసేపు ఏడ్చాం. గంగి నాన్న తువ్వాలు కొసను నమిలేసింది.

నాలుగు, ఐదు వచ్చినవి లెక్క చూస్తే ఎనిమిది. మందు తొమ్మిదికి ఉంది. ఎనిమిదింటికీ పోశాం. మిగిలిన ఒక్క మోతాదు సీసాలో పెట్టి దేవుని పటం పక్కన దాచాం.

ఇక ఎదురుచూపులు. పనికి పోతున్నా మనసంతా కొట్టంలోనే. మొదటి మూడు రోజులు చుక్కి లేవలేదు. నాలుగో రోజు సుబాబుల్ కొమ్మ చూపిస్తే మెడ చాచింది. ఆరో రోజు లేచి నిలబడి అమ్మ కొంగు పీకింది. పదో రోజు మళ్లీ పీట వేశాం, తువ్వాళ్లు కప్పుకున్నాం, రాయి పెట్టాం. చుక్కి ఫోటో ముందు పంపాను. మూడు అని వచ్చింది. ఐదు నుంచి మూడుకు. నేను ఎగిరి గంతేస్తే మేకలన్నీ బెదిరి చెల్లాచెదురైపోయాయి, అమ్మ తిట్లకు గోడ అవతల నుంచి యాదమ్మ పిన్ని కూడా వచ్చి చూసింది. ఆ పదో రోజున మూడు నుంచి నాలుగుకు జారిన మేక ఒకటి దొరికింది. దాచిన మోతాదు దానికి పనికొచ్చింది.

ఆ వానాకాలం మా కొట్టంలో ఇంకొక్క మేక కూడా పోలేదు.

సంగతి ఊళ్లో పాకింది. ముందు యాదమ్మ పిన్ని తన ఐదు మేకలను తోలుకొచ్చింది. తర్వాత గొర్రెల ఎల్లప్ప వచ్చాడు. ఆయనకు అరవై గొర్రెలు, అవి కాక అప్పటికే ఏడు పోయాయి. ఫోటోతోని రోగం ఎట్ల తెలుస్తదని ముందు నన్ను ఎగతాళి చేసినవాడే. వచ్చి, చెప్పులు పక్కన విడిచి, "జర నా గొర్లను సుత సూడు బిడ్డ" అన్నాడు. అరవై గొర్రెలకు రెండు పొద్దులు పట్టింది. గొర్రెలను పట్టుకునే పని అమ్మదే. రెప్ప ఎలా దించాలో, మూతి ఎటు తిప్పాలో ఎల్లప్పకు నేర్పిస్తూ, ఎర్రచీర కట్టుకొచ్చిన ప్రతి ఆడమనిషినీ దూరం జరగమని తరుముతూ, చిన్నపాటి కలెక్టరమ్మలా వెలిగిపోయింది.

సెప్టెంబరులో ఒక పొద్దున ప్రణవి డాక్టరు చెప్పకుండా వచ్చింది. ఆ వారం నేను పంపిన ఫోటోలు, తను ఇచ్చిన అంకెలు రాసుకున్న కాగితం తెచ్చింది. ఎల్లప్ప మందలోంచి, మా కొట్టంలోంచి, తన ఇష్టం వచ్చిన పదింటిని పట్టించి, కార్డు పెట్టి చూస్తూ పోయింది. ఊళ్లోవాళ్లంతా చుట్టూ మూగారు. ఆమె చూడడం, కాగితంలో టిక్కు పెట్టడం. పదోది చూసి లేచి నడుము పట్టుకుంది.

"పదికి పది. నా కండ్లతోని చూసినా ఇంతే" అంది.

ఎల్లప్ప కేక పెట్టాడు. అమ్మ ఎవరి మొహమూ సరిగా కనబడకపోయినా అందరి వైపూ తిరిగి నవ్వింది. డాక్టరు రాయిని చేతిలోకి తీసుకుని బరువు చూసింది. ఇలాంటి ముక్కలు ఇంకొన్ని దొరుకుతాయా, మిగతా ఊళ్లలో కూడా ఒక్కొక్కరికి నేర్పిస్తావా అని అడిగింది. దొరకడానికేం, మా నాన్న చేతిలో తాండూరు బండంతా ఉందన్నాను. నాన్న ఆ ఆదివారమే ఒకే బండ నుంచి ముప్పై ముక్కలు కోసి, ఒక్కోదాన్ని తన ముక్క పక్కన పెట్టి చూసి, నాలుగింటిని తేడా ఉన్నాయని పారేసి, ఇరవై ఆరు సంచిలో వేసి ఇచ్చాడు. నా కంటికైతే ముప్పయ్యీ ఒకటే.

అమ్మను మాత్రం నేను వదల్లేదు. వానలు తగ్గగానే వికారాబాద్ తీసుకుపోయి కళ్లు చూపించాను. రెండు కళ్లలోనూ శుక్లాల పొర. మేకలను ఎప్పటికీ అమ్మబోమని నాన్నతోనూ నాతోనూ చుక్కి తల మీద చేయి పెట్టించి ఒట్టు వేయించుకున్నాకే ఆపరేషన్‌కు ఒప్పుకుంది. ముందు ఒక కంటికి చేశారు. నెల రోజులు మందు చుక్కలు, నల్ల అద్దాలు, మేకల దగ్గరికి పోకూడదు. ఆ నెల రోజులూ అమ్మను పట్టుకుని కూర్చోబెట్టడం కన్నా అరవై గొర్రెలను పట్టుకోవడం సులువు.

ధారూరు జాతరకు ఇంకో వారం ఉందనగా గడువు తీరింది. పొద్దున్నే అమ్మ అద్దాలు తీసేసి గడప దాటింది. ఆకాశాన్ని చూసింది, గింత నీలముంటదా అని తనలో తనే అనుకుంది. నేరుగా కొట్టంలోకి పోయి చుక్కిని పట్టుకుని ఉత్తరపు గోడ నీడకు తెచ్చింది. బొటనవేలితో రెప్ప దించింది. లోపల ఎర్రగా, దానిమ్మ గింజలా ఉంది.

"ఒకటి" అంది.

నేను ఫోన్ తీసి, ముందురోజు ఫోటోకు డాక్టరు ఇచ్చిన అంకె చూపించాను. ఒకటే. అమ్మ ఫోటోను చుక్కి కంటి పక్కన పెట్టుకుని, ఒకసారి ఇటు ఒకసారి అటు చూసి, సరిపోయింది అన్నట్టు తల ఊపింది. ఏడేళ్లలో నా ఫోటోను అమ్మ అలా చూడడం అదే మొదటిసారి. నాకు రెక్కలు రాలేదు, కాళ్లు భూమ్మీదే గట్టిగా నిలబడ్డాయి.

అప్పుడు ఆమె తలెత్తి నా మొహం చూసింది. చుక్కిని వదిలేసి దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది, మేక మూతిని తిప్పినట్టే.

"గింత నల్లగున్నవా బిడ్డ నువ్వు" అంది.

నా మొహం చిన్నబోయి ఉంటుంది. అమ్మ తన ముంజేయి తెచ్చి నా చెంప పక్కన పెట్టుకుంది. కాసేపు పోల్చి చూసింది. ఆమె మొహం విప్పారింది.

"నా రంగే" అంది. "అచ్చం నా రంగే."

లోపలికి పోయి, రోజూ కొంగుతో తుడిచే ఆ గులాబి పిల్ల ఫోటోను మేకు మీద నుంచి దించింది. ఈమె ఎవరో గానీ ఇన్నేండ్లు మనింట్లనే ఉన్నది పాపం అని, బోర్లించి బియ్యం డబ్బా మీద పెట్టింది. తర్వాత నాన్నను పిలిచి ఉత్తరపు గోడ నీడలో పీట వేయించింది, నన్ను తన పక్కన కూర్చోమంది. కెమెరాను స్టాండ్ మీద పెట్టి నేను వచ్చి కూర్చునేసరికి, ఎవరూ చెప్పకుండానే ఎర్రచీర మీద బూడిద తువ్వాలు కప్పుకుని, రాయిని గరుకు వైపు ముందుకు పెట్టి తన చెంపకూ నా చెంపకూ మధ్య పట్టుకుని ఉంది.

ఇప్పుడు ఆ మేకుకు ఆ ఫోటోనే ఉంది. రాయిని కత్తిరించి తీసేయమని రాజేందర్ అన్న ఇప్పటికీ అంటాడు. నేను తీయలేదు.